గిరిజ పసుపు రాసిన గడప

గిరిజ తొమ్మిదేళ్ళు తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పింది. పసుపు రాసిన కాగితం సబ్బునీళ్ళలో ముంచితే ఎర్రబడుతుందని కొన్ని వందల మంది పిల్లలకు చూపించి ఉంటుంది. అలాంటి మనిషికి, గడప మీది పసుపు పోవాలంటే బట్టల సోడా వేసి రుద్దమని ఫోన్లో సలహా ఇచ్చిన మహాతల్లిని నేనే. నేను చదివింది కామర్స్. ఆవిడకు ఆ పూట బుర్ర ఏమైందో గాని, మారు మాట్లాడకుండా రుద్దేసింది.

వాళ్ళుండేది జర్మనీలో, ఫ్రైబర్గ్ పాత ఊళ్ళో, కోటగోడను ఆనుకున్న సందులో. మూడువందల ఏళ్ళ నాటి ఇల్లు. కిటికీ చెక్కకు రంగు మార్చాలన్నా పాత కట్టడాల ఆఫీసు నుంచి అనుమతి కావాలి. మొగుడూ పెళ్ళాలు పదిహేడు ఇళ్ళు చూసి, పదిహేడు చోట్లా కాదనిపించుకుని, చివరికి ఏడాది ఒప్పందం మీద ఇందులో చేరారు. ఆ ఏడాది నవంబరు నెలాఖరుతో అయిపోతుంది. శుక్రవారం పదకొండింటికి ఓనరు ఫ్రావ్ లింకె వస్తుంది, ఇల్లంతా చూస్తుంది, నచ్చితే గడువు లేని కాంట్రాక్టు మీద సంతకం పెడుతుంది. నచ్చకపోతే రెండు వారాల్లో ఖాళీ చెయ్యాలి. భర్త శ్రీచరణ్‌కు ఆ రోజు డ్రెస్డెన్‌లో డ్యూటీ, సెలవు దొరకలేదు.

కార్తీక శుక్రవారం, పైగా ఇల్లు స్థిరపడే రోజు. ఏడాదిగా వంటింటి గుమ్మానికి చిటికెడు పసుపుతో సరిపెట్టుకున్న గిరిజ ఆ పొద్దున ఆగలేకపోయింది. వీధి గడపకు ఒత్తుగా పసుపు రాసి బొట్లు పెట్టింది. రాశాక గుర్తొచ్చింది, అది సున్నపురాయి, పీల్చుకుంటుందని. కడిగితే కుంకుమ పోయింది గాని పసుపు లోపలికి దిగిపోయింది. అప్పుడే నాకు ఫోన్ చేసింది.

నేనుండేదీ ఆ ఊళ్ళోనే. వెళ్ళేసరికి పది ఇరవై. చూద్దును గదా, గడప మీద పసుపంతా ముదురు ఎరుపయి కూర్చుంది. అచ్చం మేకను కోసినట్టుంది. కుక్కను తీసుకుపోతున్న ముసలాయన ఆగి, గడపనీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయాడు. గిరిజ చేతిలో వెనిగర్ సీసా ఉంది. మూత తీసి ఉంది, కానీ పొయ్యడం లేదు.

“పొయ్యవే, ఎరుపు పోతుందన్నావుగా?” అన్నాను.

“పోతుందక్కా. రాయి కూడా పోతుంది. పులుపు తగిలితే నురగొచ్చి తినేస్తుంది. మూడొందలేళ్ళ రాయక్కా ఇది.”

ఎవరికి తెలుస్తుందే, ఏళ్ళు పడుతుంది కదా అని నేను నస పెట్టాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకప్పుడు రాయి మీద జాలి లేదు. ఈ చలిలో మళ్ళీ ఇళ్ళ వేటకు తిరిగే గిరిజే కళ్ళముందు కనిపించింది. నేను చూస్తుండగానే ఆమె సీసాకు మూత పెట్టేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఫ్రావ్ లింకె ఎనిమిది నిమిషాలు ముందే వచ్చింది. గడప దగ్గర ఆగి, ఎవరికి దెబ్బ తగిలిందని అడిగింది. పెయింటు ఒలికిందని అబద్ధం చెబుదామని నేను నోరు తెరిచేలోగా గిరిజ తన వచ్చీరాని జర్మన్‌లో మొదలుపెట్టింది. పసుపు, సోడా, తప్పు నాది, వెనిగర్ పోస్తే రాయి పాడవుతుంది, ఎండ తగిలితే అదే పోతుంది. ఆవిడ తలెత్తి ఆకాశం చూసింది. వారం రోజులుగా మబ్బే. తర్వాత వంగి, వేలితో రాయి రుద్ది, వాసన చూసింది.

ఎందుకు రాశావని అడిగింది. లక్ష్మీదేవి గురించి, శుక్రవారం గురించి చెప్పేంత జర్మన్ గిరిజకు లేదు. నేను అందుకోబోతే చేత్తో ఆపింది.

“నేను ఇక్కడ ఉంటున్నాను కాబట్టి,” అంది గిరిజ.

ఆవిడ లోపలికెళ్ళి గది గదీ చూసింది, ఓవెన్ కూడా తెరిచి చూసింది. ఆ ఇరవై నిమిషాలూ గిరిజ నా మణికట్టు వదల్లేదు. చివరికి ఫ్రావ్ లింకె బల్ల దగ్గర కూర్చుని, కాంట్రాక్టు తీసి, అడుగున చేత్తో ఏదో రాసి కాగితం నా వైపు తోసింది. వీధి గడపకు ఏ రంగూ, ఏ పూతా ఎప్పటికీ వెయ్యకూడదు, వేస్తే ఒప్పందం రద్దు. ఆ కింద ఆవిడ సంతకం అప్పటికే ఉంది.

నేను తెలుగులో చదివి వినిపించాను. గిరిజ పెన్ను పట్టుకుని వీధి గుమ్మం వైపు ఓసారి చూసింది. ఆ తర్వాత సంతకం పెట్టింది. ఫ్రావ్ లింకె చెయ్యి కలిపి, ఎరుపు తొక్కకుండా గడప దాటి వెళ్ళిపోయింది.

శ్రీచరణ్‌కు నేనే ఫోన్ చేసి చెప్పాను. అతని సంతోషం స్పీకర్లోంచి గదంతా వినిపిస్తోంది. ఇటు చూస్తే గిరిజ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

“ఇల్లు వచ్చిందిగా, మళ్ళీ ఈ ఏడుపేంటే?”

“ఇల్లయితే వచ్చిందక్కా,” అంది. “గడపే, నేనే సంతకం పెట్టి ఇచ్చేశాను.”