రాజుగారి పులుసూ, గట్టుమీది బావురుపిల్లీ

తణుకు నుంచి వచ్చిన వియ్యంకుడి ఎదుట వెంకటరాజుగారు దాక మూత తీశారు. పులుసు నిండుగా ఉంది. కొరమీను ముక్కలు మాత్రం ఒక్కటీ లేవు. చేపల పులుసు మర్నాటికే రుచని ముందురోజు వండించి, పెరటి వసారాలో పెట్టించింది ఆయనే. వియ్యంకుడు మర్యాదస్తుడు. బెండకాయ వేపుడు బ్రహ్మాండంగా ఉందని మూడుసార్లు అన్నాడు.

వసారా నిండా తడి అడుగులు. అవి ఎవరివో రత్నమాణిక్యానికి చూడగానే తెలిసింది. భీమవరం శివార్లలో, కొత్త లేఅవుట్ల పక్క, రాజుగారి ఇంటి వెనకే ఉన్న ఆయన చేపల చెరువుకి ఆవిడ తొమ్మిదేళ్ళుగా కాపలా. రోజూ తెల్లారి గట్టంతా ఉత్త కాళ్ళతో నడుస్తుంది. ఎలుకలు బొరియ పెట్టి నీరు ఊరుతుంటే కంటికన్నా ముందు అరికాలికి తెలుస్తుందంటుంది. ఈ ఏడు గట్టు పక్క జమ్ముగడ్డిలో బావురుపిల్లి కాపురం పెట్టడం కూడా ముందు చూసింది ఆవిడే. బూడిద రంగు మీద నల్లచుక్కలు, మామూలు పిల్లికి రెండింతలు, వెనకాల రెండు కూనలు. నీళ్ళలో పంజా ముంచి చేపను లాగడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. దానికి దాక ఒక లెక్కా?

"రేపే గట్టు చుట్టూ కరెంటు తీగ లాగిస్తాను. తగిలి చావాలి," అన్నారు రాజుగారు, వియ్యంకుణ్ణి సాగనంపి వచ్చి.

రత్నమాణిక్యానికి కూనలు గుర్తొచ్చాయి. వాటికింకా సరిగా పరుగు కూడా రాదు.

"ఆయ్, అలాగేనండి. ముందోసారి గట్టు మీదికి రండి."

జమ్ము అంచున పిల్లి దొడ్డికెళ్ళే చోటు చూపించింది. రాజుగారు ముక్కు మూసుకున్నారు.

"ముక్కు సంగతి తర్వాతండి, కళ్ళు పెట్టి చూడండి. ఏంటవి?"

"వెంట్రుకల్లా ఉన్నాయి."

"ఎలుక వెంట్రుకలండి. నిరుడు వారానికి పది బొరియలు పూడ్చాను. అయినా గట్టు తెగి మీ చేపలు పక్కనున్న బుల్లిరాజుగారి చేలో పడ్డాయా లేదా? ఈ ఏడు నా పారకి తుప్పు పట్టింది."

"అయితే చేపలు తినదంటావా?"

"తింటుందండి. అబద్ధం దేనికి?"

నిరుడు ఆ చేలో చేపల వెంట పరుగెత్తి, బుల్లిరాజుగారి ఇంటిల్లిపాదీ చూస్తుండగా బురదలో పంచె వదిలేసిన సంగతి రాజుగారికి గుర్తొచ్చినట్టుంది. జమ్మువైపు చూశారు. ఓ కూన తల్లి తోకని చేపనుకుని పంజా విసిరి, బోర్లా పడింది.

"తీగ వద్దులే," అన్నారు, ఎటో చూస్తూ.

కూనలు గట్టెక్కి తిరిగే వేళకి చెరువు పట్టుబడికొచ్చింది. ఈసారి గట్టు ఎక్కడా తెగలేదు. ఆనవాయితీ ప్రకారం వల లాగినవాళ్ళకీ, ఐసు కొట్టినవాళ్ళకీ, కాపలాకీ తలా ఒక చేప కూరకిచ్చారు రాజుగారు.

మర్నాడు పొద్దున్నే పెరట్లోంచి రాజుగారి కేక.

"రత్నమాణిక్యం! కడిగి పెట్టిన బొచ్చెచేపని నీ పిల్లి ఎత్తుకుపోయిందే!"

"నిన్న కూరచేప అందరికీ ఇచ్చి, దాన్నొక్కదాన్నే మర్చిపోయారు కదండీ."