అత్తగారు దారి తప్పారు

ఆ ఊళ్ళో అత్తగారికి తెలియని సందు లేదు. ఆవిడ దారి అడగని మనిషీ లేడు.

అడగడానికి వేళాపాళా ఉండేది కాదు. నిండు కూరల సంచీతో బజారు నుంచి తిరిగొస్తూ, గడియారాలు బాగుచేసే ఆయన ముందు ఆగి, "బజారుకి ఎటు వెళ్ళాలి నాయనా?" అనేవారు. పోస్టాఫీసు మెట్ల మీద నిలబడి, పోస్టుమ్యాన్నే పోస్టాఫీసు ఎక్కడని అడిగిన ఘనత ఆవిడది. ఒకసారి ఎవరో కొత్త మనిషిని ఆసుపత్రికి దారడిగితే, పాపం అతను, "నేనూ దానికోసమే తిరుగుతున్నానండీ" అన్నాడు. "తిన్నగా వెళ్ళి పచ్చ గేటు దగ్గర ఎడంవైపు తిరుగు" అని అతన్ని సాగనంపి, అదే దారి ఇంకొకరిని అడగడానికి ముందుకు కదిలారు.

"తెలిసిన దారి అడగడం ఎందుకత్తయ్యా?" అంది కోడలు కాపురానికొచ్చిన కొత్తలో.

"ఆ గడియారాలాయన పొద్దుట్నించీ తల దించుకునే కూర్చుంటాడు. దారి చెప్పేటప్పుడు చూడు, జానెడు పొడుగవుతాడు."

కోడలికి నవ్వొచ్చింది. అప్పట్లో ఆమెకి నవ్వు తేలిగ్గానే వచ్చేది. కళ్ళజోళ్ళ కొట్టులో ఉద్యోగం. రోజంతా ఎవరో ఒకరి ముక్కు మీద ఫ్రేము సరిచేస్తూ, కబుర్లు చెబుతూ గడిపేది. ఆ కొట్టు మూతపడింది. వేరే పని దొరకలేదు. భర్త పొద్దున్నే బస్సు డిపోకి వెళ్తే చీకటి పడ్డాకే రాక. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా గోడ మీది క్యాలెండరుకే తెలిసేది. తల దువ్వుకోవడం మొదట మధ్యాహ్నానికి వాయిదా పడింది, తరవాత సాయంత్రానికి, ఆ తరవాత రేపటికి. "అలా వీధి చివరిదాకా వెళ్ళొద్దాం రావే" అని అత్తగారు పిలిస్తే, "ఓపిక లేదత్తయ్యా" అని గోడవైపు తిరిగి పడుకునేది.

ఒక సాయంత్రం బయటికెళ్ళిన అత్తగారు ఎంతకీ రాలేదు. వీధి దీపాలు వెలిగాక పాలవ్యాను డ్రైవరు తీసుకొచ్చి దించాడు. "దారి తప్పానే" అన్నారు. మర్నాడూ అంతే. ఈసారి ఇస్త్రీ బండాయన వెంటబెట్టుకుని వచ్చాడు. భార్యాభర్తలు మొహమొహాలు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ చమత్కారమనుకున్నది జబ్బేమోనని కోడలికి భయం పట్టుకుంది.

"అమ్మని ఒంటరిగా పంపకు" అన్నాడు భర్త.

ఇక చేసేదేముంది. కోడలు మొహం కడుక్కుని, జడ వేసుకుని, రోజూ అత్తగారి వెంట నీడలా బయల్దేరింది. ఆవిడ తప్పిపోవడానికీ ఒక తీరంటూ లేదు. ఒకరోజు రొట్టెలు కాల్చే బట్టీ వెనక సందులోకి తప్పిపోయేవారు. అక్కడ వేడి రొట్టె కొనక తప్పేది కాదు. ఇంకోరోజు మేడ మీద బట్టలారేస్తూ గొంతెత్తి పాడుకునే ఒకాయన ఇంటి ముందు తేలేవారు. ఆయన ఆఖరి చొక్కా ఆరేసేదాకా ఆవిడకి దారి గుర్తొచ్చేది కాదు.

ఒకనాడు నాలుగు రోడ్ల కూడలిలో వడ్రంగినీ, సెలూన్ నడిపే అతన్నీ ఒకేసారి రైల్వే స్టేషనుకి దారి అడిగారు. వడ్రంగి కుడి అన్నాడు. సెలూనతను ఎడమ అన్నాడు. మాటా మాటా పెరిగింది. ఎవరి దారి దగ్గరో నడిచే తేల్చుకుందామని ఇద్దరూ చెరోవైపు బయల్దేరారు. సగం గడ్డం గీయించుకున్న ఆసామి నురగ మొహంతో, మెడలో తువ్వాలుతో, "మరి నా సంగతేంటయ్యా" అంటూ సెలూనతని వెనక పరుగందుకున్నాడు.

"మనకి స్టేషన్లో పనేముందిలే, పద" అన్నారు అత్తగారు తాపీగా.

కోడలు కరెంటు స్తంభం పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. అత్తగారు ఆ నవ్వును కాసేపు చూసి, పైటచెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని ముందు నడిచారు.

నవ్వితే నవ్వింది గానీ కోడలికి భయం పోలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. సంగతంతా విని ఆయన అత్తగారివైపు తిరిగాడు.

"మీ ఇంటినుంచి ఇక్కడికి ఎలా రావాలో చెప్పగలరామ్మా?"

"ఏ దారిన చెప్పమంటారు? మూడున్నాయి. పెద్ద రోడ్డున వస్తే దుమ్ము. బడి వెనకనుంచి దగ్గరే గానీ అక్కడో కుక్క. మంచిదే, సైకిలు చూస్తేనే మొరుగుతుంది. మీరైతే కాలవ గట్టున రండి, నీడగా ఉంటుంది."

డాక్టరు కలం కింద పెట్టాడు. "ఇంత తెలిసీ ఎలా తప్పిపోతున్నారమ్మా?"

అత్తగారు కోడలివైపు ఓసారి చూశారు. ఇక దాచి లాభం లేదనుకున్నారు కాబోలు.

"నేను తప్పిపోకపోతే ఇది చెప్పులేసుకోదు డాక్టరుగారూ. షికారుకి రమ్మంటే రాదు. తప్పిపోతానంటే మాత్రం ఒక్కపూటా మానదు."

కోడలు అత్తగారి చేతిసంచీ అందుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

డాక్టరు మందుల చీటీ దగ్గరికి లాక్కుని, ఏదో రాసి, చించి కోడలి చేతికిచ్చాడు. "రోజూ సాయంత్రం, వానొచ్చినా సరే, తప్పిపోవలెను" అని ఉంది.

బయటికొచ్చాక మలుపు దగ్గర కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"రేపు ఎటు తప్పిపోదాం అత్తయ్యా?"

"ముందే అనుకుని వెళ్తే దాన్ని తప్పిపోవడం అంటారటే" అన్నారు అత్తగారు.