బొగ్గు ఇంజన్‌కు పసుపు మెట్టు

మొన్న శనివారం గుడికి పోయి వచ్చేసరికి మా పక్కింటి పెద్దబాపు కన్నుమూశాడని తెలిసింది. ఆయనకని తెచ్చిన పులిహోర దొన్నెను గోడ మీదే పెట్టి వాళ్లింటికి పోయాను.

ఆయన నాకు చుట్టం కాదు. మహబూబ్‌నగర్‌లో మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. వయసులో బొగ్గు ఇంజన్ నడిపిన మనిషి. రిటైరయ్యాక డబ్బా రేకులు కత్తిరించి, చిన్న మేకులతో బిగించి, రెండు మూరల ఇంజన్ ఒకటి చేసుకున్నాడు. ఇక రంగులే మిగిలాయనగా చూపు తగ్గసాగింది. పోయిన చూపు తిరిగి రాదని దవాఖానలో చెప్పారు.

ఒకరోజు గోడ మీది నుంచి పిలిచాడు. "బిడ్డా, దినాం నీ ముగ్గు చూస్త. గీత వంకర పోదు. చూపు ఉండంగనే నా బండిని పూర్తిగ చూడాలె. జర రంగులెయ్యవా?"

"నేనెన్నడు కుంచె పట్టలే పెద్దబాపూ. ఖరాబు చేస్తనేమో."

"ఖరాబైతే తుడుస్తం. గంతే."

బాయిలర్‌కు నలుపు, చక్రాల అంచులకు తెల్ల గీత, ముందర ఎరుపు. "పల్చగ ఎయ్యి బిడ్డా. మందంగ ఏస్తే మేకుల తలకాయలు మునుగుతయ్. బండిని పట్టుకొని ఉన్నయే అవి" అనేవాడు. ఇంటికి సున్నం వేసేటప్పుడు కూడా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. రంగు ఆరిన చోటల్లా ఆయన వేళ్లతో తడిమేవాడు. నేను మరిచిన మేకును ఆ వేళ్లే పట్టేవి.

ఆయన భార్య పెద్దమ్మ చాయ్ తెచ్చి ఎత్తిపొడిచేది. "నౌకరి ఉన్నన్ని దినాలు ఆ మసి బట్టలుతికి సచ్చిన. ఇప్పుడు సవతిని ఇంట్లకే తెచ్చిండు."

"నీకన్న ముందుగాల వచ్చింది. పెద్దామె గామె" అనేవాడు ఆయన.

చివరికి డ్రైవర్ ఎక్కే మెట్టు మిగిలింది. ఆ రోజు శుక్రవారం. పొద్దున గడపకు పసుపు రాసి బొట్లు పెట్టిన చెయ్యి కదా, మెట్టుకు కూడా పసుపు రంగు వేసి ఎర్ర చుక్కలు పెట్టేసింది. చూసుకుని నాలుక కరుచుకున్నాను. అసలు బండికి ఉన్న రంగులే ఉండాలని ఆయన పట్టుదల.

ఆయన ఇంజన్‌ను ఎండకు తిప్పి కళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

"గిదేంది బిడ్డా, ఇంజన్‌కు గడప చేసినవా?"

"తుడుస్త పెద్దబాపూ."

"తుడువకు." నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "డ్యూటీకి ఎక్కేటప్పుడు దినాం ఆ మెట్టుకు మొక్కే ఎక్కిన. గడపే అది."

రంగు తడిగా ఉందన్న సంగతే మరిచి, మెట్టును వేలితో తాకి కళ్లకు అద్దుకున్నాడు. రెప్పకు పసుపు అంటింది. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

బండిని పూర్తిగా చూసుకున్నాడు. చూపు మొత్తం పోయింది ఆ తర్వాతనే. ముగ్గు తప్ప ఏదీ రాదనుకున్న నా చేతిని నమ్మిన మనిషి. అటువంటి పొరుగు ఇచ్చినందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను.

నిన్న పెద్దమ్మ ఇంజన్ దుమ్ము తుడుస్తూ మెట్టు చూపించి, "ఈడ రంగు చెదిరింది, జర సరిచేస్తవా?" అని అడిగింది.

పసుపు మెట్టు మీద ఆయన వేలి గుర్తు, సన్నటి గీతలతో సహా అట్లనే ఉంది.

"అది పెద్దబాపు వేలు" అన్నాను.

ఆమె వంగి చూసింది. తర్వాత కొంగుతో బండినంతా తుడిచింది, ఆ మెట్టు ఒక్కటి వదిలి.