బిగుసుకుపోయిన పిస్టన్ కోసం ఫిషింగ్ హార్బర్‌కి

చేపలమ్మే పోలమ్మ రెండు నెలల తర్వాత గాజువాకలో మా షాపు మెట్లెక్కింది. సముద్రంలో చేపల వేట నిషేధం మర్నాటితో ముగుస్తోంది. వాళ్ళ చిన్న పడవ ఇంజన్ మాత్రం కదలడం లేదు. నిషేధానికి ముందు అలల్లో పడవ బోల్తా కొట్టి ఉప్పునీళ్ళు లోపలికి పోయాయి. పిస్టన్ సిలిండర్‌లో పట్టేసింది. “మెకానిక్కులంతా పెద్ద బోట్ల మీదే ఉన్నారు. నువ్వొచ్చి సూడక్కా,” అంది. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డప్పటి నుంచి జనరేటర్లు, స్ప్రేయర్లు బాగుచేయడమే నా పని. పట్టేసిన ఇంజన్లు చాలా విప్పాను. వస్తానన్నాను.

మర్నాడు తెల్లవారుతూనే పాతపోస్టాఫీసు వైపు వెళ్ళే సిటీ బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి ఉచితం. సుమారు గంట ప్రయాణం. అక్కడ దిగి ఫిషింగ్ హార్బర్‌కి రమ్మంటే, ఆటో అతను నా పనిముట్ల సంచి చూసి వంద అడిగాడు; పోలమ్మ యాభైకి ఒప్పించింది. హార్బర్‌లో అప్పటికే బోట్లలోకి ఐసు ఎక్కిస్తున్నారు.

పోలమ్మ భర్త నూకరాజు ఇంజన్‌ని చెక్కల మీద నిలబెట్టి ఉంచాడు. సిలిండర్ హెడ్ బోల్టులు ఒక్కటి తప్ప అన్నీ వచ్చాయి. ఆ ఒక్కటి తుప్పుకి అతుక్కుపోయింది. దాని చుట్టూ నూనె పోశాం. నూకరాజు పానాకి పొడుగు పైపు తొడిగాడు.

“ఆగు తమ్ముడూ! విరిగిందంటే ముక్క లోపలే ఉండిపోతుంది. రేపు వేటకి వెళ్ళలేవు.”

“మరేటి సేత్తాం? అందరూ బయల్దేరతన్నారక్కా!”

“నూనె పోశాం కదా, దిగనీ. టీ తాగొద్దాం.”

అతను విసుక్కుంటూనే వచ్చాడు. తిరిగొచ్చాక నూనె తుడిచేసి, పెట్రోల్ ట్యాంకు దూరంగా పెట్టించి, బోల్టు చుట్టూ బ్లోల్యాంపు మంటతో వేడి చేశాను. తుప్పు పట్టు విడవడానికి ముందు రవ్వంత బిగించాను. ఆ తర్వాత వదులు చేశాను. కిర్రుమని చప్పుడైంది. అయినా బోల్టు విరగలేదు. తిరిగింది.

పిస్టన్ మీద నూనె పోసి, పోలమ్మ వండిన ఎండు నెత్తళ్ళ చేపల పులుసుతో అన్నం తిన్నాం. మధ్యాహ్నం పిస్టన్ మీద చెక్కముక్క పెట్టి సుత్తితో మెల్లగా తట్టడం మొదలుపెట్టాను.

“గట్టిగా కొట్టనా?” అన్నాడు నూకరాజు.

“వద్దు. ఇలాగే తడుతూ ఉండు.”

చేతులు మార్చుకుంటూ తట్టాం. ఉన్నట్టుండి “కదిలినాదక్కా!” అని అరిచాడు.

సిలిండర్ శుభ్రం చేసి, అతను కొనిపెట్టుకున్న కొత్త పిస్టన్ రింగులు వేసి, హెడ్ బిగించి, నడిపి చూడడానికి ఇంజన్ కింది పంకా మునిగేలా నీళ్ళ డ్రమ్ములో దింపాం. నూకరాజు ఎన్నిసార్లు తాడు లాగినా అంటుకోలేదు. “ఇటియ్యి, నాను లాగుతాను,” అని పోలమ్మ కొంగు బిగించి లాగింది. తెల్లటి పొగ కక్కి ఇంజన్ అందుకుంది. నూకరాజు దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

షాపులో ఇంజన్ బాగయ్యాక ఎవరిది వాళ్ళు పట్టుకుపోతారు. అది ఎక్కడ తిరుగుతుందో నేను చూసింది లేదు. ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ దాన్ని పడవకి బిగించడం, పోలమ్మ పక్క పడవలవాళ్ళని పిలిచి మరీ చూపించడం చూశాను. తిరుగు బస్సులో చేతులు నొప్పెడుతున్నా హాయిగా అనిపించింది.

ఒక్క సలహా: ఇంజన్ ఉప్పునీళ్ళలో మునిగితే ఆ రోజే మంచినీళ్ళతో కడిగి, స్పార్క్ ప్లగ్గు తీసి సిలిండర్‌లో నూనె పోయండి. లోపల ఉప్పు ఆరనివ్వకండి.