రాజేందర్ నెత్తిన నాట్లు

ఆఫీసు క్యాబ్‌లో ముందు సీటు ఎవరికీ అక్కర్లేదు. డ్రైవర్ పక్కన కూర్చుంటే నిద్ర పట్టదు, సీటు బెల్టు పెట్టుకోవాలి. రాజేందర్ బండిలో మాత్రం ఆ సీటుకు గిరాకీ ఉంది. ఎక్కేవాళ్ళంతా ముప్పై దాటిన మగవాళ్ళు, నుదురు ఏటేటా పైకి విస్తరిస్తున్నవాళ్ళు. రాయదుర్గంలో ఎక్కినవాడు గచ్చిబౌలి వచ్చేదాకా ఫోన్ చూస్తున్నట్టు నటిస్తాడు. సిగ్నల్ దగ్గర బండి ఆగాక గొంతు తగ్గించి అడుగుతాడు.

"అన్నా, నొప్పి ఉంటదా?"

"సూది గుచ్చేటప్పుడు ఉంటది. తర్వాత తెల్వది. నొప్పి సంగతి ఇడిచిపెట్టు, తలకాయ మీద చెయ్యి పెట్టేది డాక్టరా, ఇంకెవడన్ననా అది అడుగు. సోఫా మంచిగుంది, కాఫీ ఇచ్చిండ్రు అని సంతకం పెట్టకు."

"ఎంత జుట్టు వస్తదన్నా?"

"కొత్తది ఎవ్వడు పుట్టియ్యడు తమ్మీ. ఎన్క ఉన్నది తీసి ముంగట పెడ్తరు. ఎన్కది ఒడిసిందంటే ఇగ దుకాణం బంద్."

ఇంత సూటిగా మాట్లాడే మేనేజర్ వాళ్ళకు ఆఫీసులో దొరకడు కాబట్టి శ్రద్ధగా వింటారు. రాజేందర్‌కు ఇంత జ్ఞానం ఒకే దారిలో వచ్చింది, తన నెత్తి మీదుగా. తనకు చెప్పినప్పుడు ఒక్క ముక్కా వినలేదు.

అతనిది దుబ్బాక దగ్గర పల్లె. తండ్రి పోయాక తల్లి సాయమ్మను తెచ్చుకుని మదీనాగూడలో ఒక గదీ వంటిల్లూ కిరాయికి తీసుకున్నాడు. ఇరవై ఆరో ఏట నుంచి జుట్టు వెనక్కి నడవడం మొదలుపెట్టింది. బోరు నీళ్ళ వల్ల అన్నాడు ఒక స్నేహితుడు. రాత్రి డ్యూటీల వల్ల అన్నాడు మరొకడు. షాంపూ మార్చమన్నాడు మంగలి. అందరూ తలా ఒక దోషిని పట్టుకొచ్చారు. ఇంట్లో గోడకు వేలాడుతున్న తాత ఫోటో చూస్తే అసలు దోషి తెలిసేది. అది చూడాలని ఎవరికీ తోచలేదు. ముప్పై మూడు వచ్చేసరికి నడినెత్తి దాకా మైదానం అయింది. రాజేందర్ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, పెండ్లి మాట వచ్చేదాకా.

సంబంధం తెచ్చినాయన ఫోటో అడిగాడు. రాజేందర్ తన ఇరవై ఐదేళ్ళప్పటి ఫోటో పంపాడు. అందులో జుట్టు గాలికి ఎగురుతోంది. అమ్మాయి అఖిల, రాయదుర్గంలో ఒక ఆఫీసు టవర్ రిసెప్షన్‌లో పని చేస్తుంది. తండ్రి నర్సయ్య గచ్చిబౌలిలో సెక్యూరిటీ సూపర్‌వైజర్. వాళ్ళది మెదక్ వైపు. ఫోటో నచ్చిందనీ, ఆషాఢం రాకముందే పిల్లను చూసిపొమ్మనీ కబురు వచ్చింది. ఇంకా రెండు నెలలు సమయం ఉంది. ఫోటో మార్చి పంపే ఆలోచన రాజేందర్‌కు రాలేదు. తల మార్చుకోవాలన్న ఆలోచన వచ్చింది.

బట్టతల బాగుచేసే ఒక క్లినిక్‌లో గ్రేస్ అనే ఆమె అతన్ని కూర్చోబెట్టి అన్నీ వివరించింది. ఆమెది గుంటూరు. మాట మెత్తన, ఓపిక ఎక్కువ.

"వెనక నుంచి ఒక్కొక్క వేరూ తీసి ముందు నాటుతారండి" అందామె.

ఆ ఒక్క మాట చాలు. నాటుతారన్నాక రాజేందర్‌కు ఇక ఎవరూ ఏమీ చెప్పనవసరం లేదు. అతను పుట్టింది వరి పొలాల మధ్య. తల్లి పదేళ్ళ వయసు నుంచి నాట్లు వేసింది. నాటిన పైరు వారం వాడుతుంది, తర్వాత తిప్పుకుంటుంది, నెల తిరిగేసరికి పచ్చగా కమ్ముకుంటుంది. నెత్తిన బురద లేదు కాబట్టి ఇంకా త్వరగా కావచ్చు. రెండు నెలలంటే పిల్లను చూడబోయే నాటికి దువ్వెన కొనుక్కోవచ్చు.

"మొదటి నెల, నెలన్నరలో నాటిందంతా రాలిపోతుందండి" అని గ్రేస్ చెప్పింది. "కంగారుపడొద్దు. వేరు లోపలే ఉంటుంది. నాలుగో నెల నుంచి మొలుస్తుంది. పూర్తిగా కనబడటానికి ఏడాది పడుతుంది. వింటున్నారాండి?"

"ఇంటున్న మేడం" అన్నాడు రాజేందర్, గోడ మీద ముందూ తర్వాతా ఫోటోలు చూస్తూ. ఆ రెండు ఫోటోల మధ్య ఏడాది ఉందని కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది.

మే నెల ఎండల్లో తల గొరిగి, పొద్దున పడుకోబెట్టి, సాయంత్రం లేపి పంపారు. పడుకున్నప్పుడు తల ఎత్తులో ఉంచాలి, వెల్లకిలా పడుకోవాలి, గోకొద్దు, ఎండలో తిరగొద్దు, కొన్నాళ్ళు సిగరెట్టూ మందూ ముట్టొద్దు, బైకు హెల్మెట్ పెట్టొద్దు, ఇచ్చిన మందు నీళ్ళు చల్లుకోవాలి. చల్లుకోవడం ఒక్కటే అతనికి బుర్రకెక్కింది. నాటు వేసిన మడిలో నీళ్ళు నిలపాలని ఎవడికి తెలియదు? గంటకోసారి చల్లాడు. దిండు తడిసి, తడి చాపకు దిగింది.

మూడో రోజుకు నుదురు వాచి, వాపు కళ్ళ మీదికి జారింది. అది మామూలే, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. కానీ బస్తీకి ఆ సంగతి ఎవరు చెప్పాలి? గుండు, వాచిన కళ్ళు చూసి కింది పోర్షన్ ఆమె చేతిలో పని వదిలేసి పైకి వచ్చింది.

"ఎవరు పోయిండ్రు సాయమ్మా? పిల్లగాడు ఏడ్సి ఏడ్సి కండ్లు గిట్ల ఉబ్బినయి."

మన దగ్గర మగవాడు గుండుతో కనబడితే రెండే కారణాలు. ఇంట్లో ఒకరు పోయి ఉండాలి, లేదా దేవుడికి మొక్కు తీరి ఉండాలి. చంపడానికి మనుషులెవరూ లేక రాజేందర్ తిరుపతి అన్నాడు. దాంతో బస్తీ అంతా ప్రసాదం కోసం చేతులు చాపింది. క్యాబ్ సూపర్‌వైజర్ కూడా ఫోన్ చేసి తన వంతు తీసిపెట్టమన్నాడు.

తల్లికి మాత్రం నిజం చెప్పక తప్పలేదు. సాయమ్మ కొడుకును కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పొలం గట్టు మీద నిలబడ్డట్టు నిలబడి, నెత్తి అంతా పరిశీలించింది.

"ఎవరు నాటిండ్రు బిడ్డా?"

"డాక్టర్లే అమ్మా."

"ఆడోళ్ళా, మొగోళ్ళా?"

"ఇద్దరు ఉన్నరు."

"గందుకే. వరుస లేదు. ఒక్కకాడ ఒత్తుగ, ఒక్కకాడ పలచగ. మా నాట్ల ముఠాల గిట్ల నాటితే ఆసామి సాయంత్రానికి ఇంటికి తోలుతుండె."

వరుస లేకుండా నాటడమే ఆ పనిలో నైపుణ్యం. గీత గీసినట్టు నాటితే బొమ్మ తలలా ఉంటుంది. ఆ సంగతి సాయమ్మకు తెలియదు, చెప్పగల కొడుకు క్లినిక్‌లో వినలేదు.

మూడు వారాలు గడిచాయి. నెత్తి మీద నిజంగానే నల్లటి మొలకలు కనబడ్డాయి. రాజేందర్ బండి అద్దాన్ని కొంచెం కిందికి తిప్పి పెట్టుకున్నాడు. వెనక వచ్చే వాహనాలు కనబడటం తగ్గింది, నుదురు బాగా కనబడింది. తర్వాత ఒక ఉదయం స్నానం చేస్తుంటే మొలకలు చేతికి వచ్చాయి. మరునాడు దిండు మీద, ఆ మరునాడు సీటు మీద. వారం పది రోజుల్లో మైదానం మళ్ళీ మైదానమైంది. మునుపటికన్నా ఒక తేడా, ఇప్పుడు అది ఎర్రగా ఉంది.

"నారు సచ్చింది" అని తేల్చింది సాయమ్మ. "మడి మంచిగ లేదు. పో, మళ్ళా నాటుమను."

క్లినిక్‌కు ఫోన్ చేసి అడిగితే సరిపోయేది. రాజేందర్ చేయలేదు. మోసపోయానని ఒప్పుకున్నట్టు అవుతుందని సిగ్గుపడ్డాడు. సాయమ్మ ఊరుకోలేదు. పసుపు, కొబ్బరినూనె కలిపి రోజూ రాత్రి నెత్తికి పట్టించింది. నాలుగు రోజులకు ఎర్ర మైదానంలో పొక్కులు లేచాయి.

పిల్లను చూడటానికి వెళ్ళవలసిన ఆదివారం వచ్చింది.

గోపన్‌పల్లిలో నర్సయ్య ఇల్లు, రెండు గదులు. రాజేందర్ తల్లిని వెంటబెట్టుకుని, టోపీతో వచ్చి కూర్చున్నాడు. నర్సయ్య అతన్ని కాసేపు చూశాడు. ముప్పై ఏళ్ళుగా గేటు దగ్గర మనుషుల్ని ఆపి చూసిన కళ్ళు అవి.

"ఇంట్ల టోపీ ఎందుకు బిడ్డా? తియ్యి, గాలి తగుల్తది."

"పర్వాలేదు మామా."

"తియ్యి తియ్యి. ఫ్యాన్ నీకోసమే పెట్టిన."

తీయక తప్పలేదు. వెనక జుట్టు అర అంగుళం పెరిగి ఉంది. ముందు ఎర్రగా పొక్కులు. టీ గ్లాసులు పట్టుకుని గడపలోకి వచ్చిన అఖిల అక్కడే ఆగిపోయింది. నర్సయ్య కుర్చీ రెండంగుళాలు వెనక్కి జరిపాడు.

"ఏమైంది గది?"

"తిరుపతి పోయొచ్చిన మామా. గుండు."

"లడ్డూ తేలేదా?" అంది అఖిల.

"తిరుపతిల గుండు గీకితే తల మొత్తం గీకుతరు" అన్నాడు నర్సయ్య. "ఎన్క మంచిగుండి ముంగట ఒక్కటే ఎర్రగైతదా? గా పొక్కులేంది? చూడు బిడ్డా, ఉన్నది ఉన్నట్టు చెప్పు. అంటుకునే రోగమైతే మాకు వద్దు."

రాజేందర్ టోపీ మళ్ళీ పెట్టుకోబోయాడు. సంబంధం గడప దాటి వెళ్ళిపోతున్నట్టు కనబడుతోంది. సాయమ్మ ఇక ఆగలేకపోయింది.

"రోగం గీగం లేదన్నా. నాటు ఏయించుకున్నడు. నారు సచ్చిపోయింది."

"ఏం నాటు చెల్లె?"

"ఎంటికల నాటు. దవాఖానల పండబెట్టి నాటిండ్రు. నేను ముందే చెప్పిన, వరుస లేదని."

నర్సయ్య నమ్మలేదు. గేటు దగ్గర ఇంతకన్నా మంచి కథలు విన్న మనిషి. నిజమైతే ఆ దవాఖానకు ఇప్పుడే, ఇక్కడే, అందరూ వినేలా ఫోన్ చేయమన్నాడు. రాజేందర్ తల ఫోటో తీసి గ్రేస్‌కు పంపి, ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. ఆదివారం ప్రార్థన నుంచి వస్తున్నానంటూ ఆమె ఫోటో చూసింది.

"జుట్టు రాలడం మామూలేనండి, అప్పుడే చెప్పాను కదా. పొక్కులేంటండి? ఏమైనా రాశారా? పసుప్పచ్చగా కనబడుతోంది."

"పసుపు నూనె నేను పెట్టిన" అంది సాయమ్మ ఫోన్‌లోకి వంగి. "ఏమన్న తప్పా?"

"అమ్మా, అది కూర కాదండి. దయచేసి మానేయండి. రాజేందర్ గారూ, గిల్లకుండా రేపు వచ్చి డాక్టరుగారికి చూపించుకోండి. ఇది అంటుకునేది కాదు. ఇంకో రెండు నెలలు ఇలా ఖాళీగానే ఉంటుంది. మీరు ఆరోజు వినలేదాండి?"

ఫోన్ పెట్టేశాక ముందు అఖిల నవ్వింది. టీ ఒలుకుతుందని గ్లాసులు కింద పెట్టి మరీ నవ్వింది.

"ఫోటోల ఉన్నట్టు కనబడాలని చేయించుకున్న" అన్నాడు రాజేందర్, నేల చూస్తూ. "బట్టతల అని తెలిస్తే మీరు వద్దంటరని."

నర్సయ్య కుర్చీ ముందుకు జరిపాడు. "ఎర్రిబాగులోడా, సంబంధం వచ్చినంక పిల్లగాడు ఎట్లాంటోడో చూడకుంట రమ్మంటమా? మార్చిల మీ క్యాబ్‌లు నిలిపే కాడికొచ్చిన. అందరు పేకాట ఆడుతున్నరు, నువ్వొక్కనివే బండి తుడుస్తున్నవ్. ఎండకు నెత్తి తళతళ మెరుస్తుంది. ఈడైతే దువ్వెన పట్టుకుని అద్దం ముంగట నిలబడడు అనుకున్న."

"బాపు అప్పుడు మీ ఫోటో కూడ తీసుకొచ్చిండు" అంది అఖిల. "నేను ఒప్పుకున్నది ఆ ఫోటో చూసే. మీరు పంపిన ఫోటోల ఉన్నోడు నాకు నచ్చలేదు. ఆ జుట్టు చూస్తే రోజుకు గంట అద్దం కావాలె అనిపించింది."

రాజేందర్‌కు సంతోషించాలో, వెనకనుంచి పోయిన జుట్టు తలుచుకుని ఏడవాలో తెలియలేదు. నర్సయ్య అప్పటికే పంతులుకు ఫోన్ కలిపాడు. ఆషాఢం పోగానే శ్రావణంలో మంచి ముహూర్తం ఉందని అటునుంచి వినిపించింది. రాజేందర్ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని గతుక్కుమన్నాడు. శ్రావణానికి నెత్తిన ఏమీ ఉండదు.

"మామా, జర ఆగుదమా? మాఘమాసం అయితే మంచిగుంటది. అప్పటికి మొలుస్తది."

"మొలవకపోతే?" అంది అఖిల.

"ఫాల్గుణం."

"ఆగితే మీరు ఆగుండ్రి. నాకు శ్రావణంల సెలవు దొరుకుతది. మాఘంల మా ఆఫీసుల ఆడిట్."

పెండ్లి శ్రావణంలోనే జరిగింది. తలంబ్రాల బియ్యం వరుని నెత్తి మీద ఒక్క గింజ నిలవకుండా జారిపోయాయి. బతుకమ్మ పండుగ నాటికి ముందు వైపు సన్నటి నూగు కనబడింది. సాయమ్మ వెలుతురులో పెట్టి చూసి, పైరు తిప్పుకుందని తేల్చింది. అఖిల మాత్రం భర్తను తేరిపార చూసి, ఇంట్లో అద్దం ఒక్కటే ఉందనీ, పొద్దున ఎనిమిది దాకా అది తనదేననీ చెప్పింది.