జాన్‌బీ కంద కూర

యాభైల చివర్లో వానలు ఎగ్గొట్టిన ఏడు, దర్శి పక్కన మా పల్లెలో గింజ లేదు గాని మిరపకాయలు మాత్రం బస్తాల్లో మూలుగుతున్నాయి. కారం తిని బతకమని కాబోలు దేవుడి ఉద్దేశం. అందరం కొండవాలుకు పోయి అడవి కంద తవ్వుకొచ్చేవాళ్ళం. సరిగా వండకపోతే గొంతు దురదెక్కి మాట పెగిలేది కాదు. పెద్దరైతు బుల్లయ్య అలాంటి కంద తిన్న రోజున ఊరు ఎంత హాయిగా ఉండేదో!

ఆ దురద వదలగొట్టడం మా పక్కింటి జాన్‌బీకే చేతనయ్యేది. చింతాకు వేసి ఉడికించి, నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడికించి, కారం పట్టించి వేయించేది. ఆ కష్టమంతా అత్త రహిమున్నీసా కోసమే. పళ్ళు లేని ముసలావిడ నాలుగు ముద్దలు మింగేది, అవీ ఒంటికి పట్టక చిక్కిపోతోంది. ఊళ్ళో సర్కారు గంజి కేంద్రం పెడితే తప్ప ఆమె దక్కేలా లేదు.

కరువు చూడటానికి రెవెన్యూ ఇనస్పెక్టరు గౌస్ బాషా వచ్చాడు; ఆయన కరువుందని రాస్తేనే గంజి కేంద్రం. ఆయనా సాయిబే గనక భోజనం జాన్‌బీ ఇంట్లో పెట్టించారు. కంద కూర లొట్టలేసుకుంటూ తిన్నాడు.

"మాంసం వండుకునే ఊళ్ళో కరువేంటమ్మా?" అని వెళ్ళిపోయాడు. కందరా నాయనా అని ఎంత మొత్తుకున్నా నమ్మలేదు, మహానుభావుడు.

అర్జీల మీద అర్జీలు పెడితే మళ్ళీ వచ్చాడు.

"ఈసారి దురద తియ్యకుండా పెట్టమ్మాయ్. గొంతు పట్టుకుంటే గాని తెలిసిరాదు," అన్నాడు బుల్లయ్య.

"అట్టాగే బాబాయ్," అంది జాన్‌బీ.

అలాగే వండి వడ్డించింది. ఆయన ముద్ద నోటిదాకా తెచ్చాడు. మేమంతా గుమ్మంలోంచి తొంగి చూస్తున్నాం. జాన్‌బీ ఉన్నట్టుండి పళ్ళెం లాగేసుకుంది.

"ఆగండయ్యా, అది బాగాలేదు," అంటూ అత్త కోసం దాచిన మంచి కూర తెచ్చి పెట్టింది. దాని జుట్టు పట్టుకుని ఈడ్వాలన్నంత కోపం వచ్చింది నాకు. ఆయన మళ్ళీ మాంసమే అనుకున్నాడు, గంజి కేంద్రం పక్క ఊరికి పోయింది.

ఆయన వెళ్ళగానే జాన్‌బీ అత్త మంచం పక్కన కూలబడి ఏడ్చింది.

"నీ కూర ఆయనకే పెట్టేశానత్తా. ఇంక గంజి రాదు."

"మారు వడ్డించావా?"

"లేదత్తా. గిన్నెలో మిగల్లేదు."

"ఇంటికొచ్చిన మనిషిని అరాకొరా పెట్టి పంపుతావా?" అని ముసలావిడ అటు తిరిగి పడుకుంది. కోడలి మీద కోపంతో ఆ పూట మంచినీళ్ళు కూడా ముట్టలేదు.