చాంపియన్ గారికి బకెట్టు నీళ్లు

మనిషన్నాక ఏదో ఒక వెధవ పని చెయ్యకుండా ఉండడు. కానీ ఒక సైకిల్ చాంపియన్‌ని, అదీ అల్లాటప్పా మనిషిని కాదు, యూరప్‌లో కొండలెక్కి కప్పులు కొట్టినవాణ్ణి, మూడొందల మంది ఎదుట సబ్బుబిళ్ల చూపించి స్నానం చెయ్యమన్నవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను. ఇంకెవరైనా ఉంటే దయచేసి తెలియజెయ్యండి, కాస్త ఊరటగా ఉంటుంది. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

తొంభైల నడిమి మాట. అప్పుడు నేను దోహాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో టైపిస్టుని. నజ్మా అనే పేటలో నలుగురితో కలిసి ఒకే గదిలో ఉండేవాణ్ణి. నాకు పెళ్లయి పదకొండు నెలలైంది. అందులో శాంతతో కలిసి ఉన్నది ఇరవై ఆరు రోజులు. ఆవిడ అమలాపురంలో, నేను ఎడారిలో. ఆవిణ్ణి పిలిపించుకోవాలంటే ఫ్యామిలీ వీసా కావాలి. దానికి మా కఫీల్, అంటే కంపెనీ యజమాని అయిన ఖతరీ పెద్దమనిషి, సంతకం పెట్టాలి. ఆ ఫైలేమో మా మేనేజర్ మూర్తి గారి టేబుల్ మీద ఆర్నెల్లుగా నిద్రపోతోంది.

ఒకరోజు మూర్తి గారు పిలిచారు. ఆయనది హైదరాబాదు, తిట్టినా మర్యాదగా తిడతారు. కఫీల్ గారి అతిథిగా ఒక రిటైరైన ప్రొఫెషనల్ సైకిల్ చాంపియన్ వస్తున్నాడనీ, వెస్ట్ బే హోటల్లో దిగుతున్నాడనీ, శుక్రవారం సాయంత్రం దుఖాన్ దారిలోని మా పనివాళ్ల క్యాంపులో ఆటల పోటీల బహుమతులు ఇస్తాడనీ చెప్పారు. ఆయన జీవిత చరిత్ర ఫ్యాక్సులో వచ్చింది, రెండు పేజీలు. అది చదివి, క్యాంపులో అందరికీ అర్థమయ్యేలా హిందీలో పరిచయం చెయ్యడం నా డ్యూటీ.

"ఇది బాగా జరిగిందనుకో, నీ వీసా ఫైలు మీద సంతకం నేనే పెట్టిస్తానయ్యా," అన్నారు.

గదికి వెళ్లి మొదటి పేజీ చదివాను. ఆయన రైతు బిడ్డ. కుర్రతనంలో సైకిల్ మీద ఇంటింటికీ రొట్టెలు వేసొచ్చేవాడు. పదహారో ఏట మొదటి పందెం గెలిచాడు. ఇరవయ్యో ఏట ప్రొఫెషనల్ అయ్యాడు, అంటే సైకిల్ తొక్కడమే ఉద్యోగం. ఆ తర్వాత ఇరవై ఒక్క రోజుల రేసు రెండుసార్లు గెలిచాడు. ఇరవై ఒక్క రోజులు అన్న మాట దగ్గర నా బుర్ర ఆగిపోయింది. రెండో పేజీ తిప్పాల్సిన అవసరం నాకు కనపడలేదు.

ఎందుకంటే సైకిల్ చాంపియన్ అంటే ఏమిటో నాకు ఫ్యాక్సులు చెప్పక్కర్లేదు. నా చిన్నప్పుడు మా ఊరి హైస్కూలు గ్రౌండులోకి ఏటా ఒకాయన వచ్చేవాడు. ఏడు రోజులు సైకిల్ దిగేవాడు కాదు. గుండ్రంగా తిరుగుతూనే ఉండేవాడు. అన్నం సైకిల్ మీదే, గడ్డం గీసుకోవడం సైకిల్ మీదే, నెత్తిన బకెట్టు నీళ్లు గుమ్మరించుకుని స్నానం సైకిల్ మీదే. మధ్యలో ఒక రాట, దానికి మైకు, మైకులో పాటలు, చుట్టూ ఊరంతా. నా వయసు వాళ్లు ఈపాటికి తలూపుతూ ఉంటారు, నాకు తెలుసు. ఏడు రోజులవాడే అంత గొప్పవాడైతే ఇరవై ఒక్క రోజులవాడు ఎంత గొప్పవాడై ఉండాలో మీరే చెప్పండి. ఆ ముక్క ఎవరినైనా అడిగి తెలుసుకోవాలని నాకు తట్టలేదు.

గ్రౌండు ఏర్పాట్లకి క్యాంపు వంటమనిషి మల్లేశాన్ని తోడు తీసుకున్నాను. అతనిది జగిత్యాల వైపు. ఇద్దరం కలిసి సున్నంతో పెద్ద గుండ్రం గీశాం, నడుమ రాట పాతి రంగుకాగితాలు కట్టాం. స్టోర్‌లో ఉన్న సైకిల్‌ని తళతళలాడేలా తుడిచి, బంతిపూలు దొరక్క ప్లాస్టిక్ పూలు చుట్టాం. పక్కన బకెట్టు, మగ్గు, సబ్బు, కొత్త తువ్వాలు పెట్టాం. మల్లేశం సబ్బుబిళ్లని చేతిలో తిప్పుతూ అడిగాడు.

"అన్నా, కాగితంల ఈ తానం ముచ్చట రాసున్నదా?"

"అవన్నీ ఎవరు రాస్తారు మల్లేశం? చాంపియన్ అంటే అది ఉన్నట్టే."

"గట్లనా. సదువుకున్నోనివి, నీకే ఎరుక," అన్నాడు. ఆ మాటకి నేను పొంగిపోయాను కూడా.

అక్కడ వారం సెలవు శుక్రవారమే కాబట్టి ఆ పొద్దున మా క్రైస్తవుల ప్రార్థన కూటానికి వెళ్లి, కార్యక్రమం బాగా జరగాలనీ, శాంతని త్వరగా చూపించమనీ ప్రభువుని వేడుకున్నాను. సాయంత్రం క్యాంపుకి వచ్చిన మూర్తి గారు రెండు పేజీలూ చదివావు కదా అని అడిగారు. చదివాను సార్ అన్నాను. ఈ మొత్తం కథలో దేనికి ఎక్కువ సిగ్గుపడుతున్నావని ఎవరైనా అడిగితే ఆ జవాబే చూపిస్తాను. మిగతాదంతా తెలివితక్కువతనం, ఆ జవాబు మాత్రం అబద్ధం.

చాంపియన్ గారు కఫీల్ గారి కారులో వచ్చారు. పొడుగాటి మనిషి, నెరిసిన జుట్టు, కుడికాలు కొంచెం ఈడుస్తూ నడుస్తున్నారు. పాపం, మూడేసి వారాలు దిగకుండా కూర్చుంటే కాళ్లు పట్టెయ్యవూ అని జాలిపడ్డాను. ఇక మైకు అందుకున్నాను. ఈయన రేసు మొదలైన రోజు సైకిలెక్కి ఇరవై ఒకటో రోజు దిగిన మహానుభావుడనీ, కొండ ఎక్కుతూ భోంచేశాడనీ, కొండ దిగుతూ గడ్డం గీసుకున్నాడనీ చెప్పాను. జనం ఈలలు వేశారు. నా మాటల్ని మూర్తి గారు అతిథి చెవిలో ఇంగ్లీషులో చెబుతున్నారు. కాసేపటికి చెప్పడం మానేసి నావైపే చూస్తూ కూర్చున్నారు. అది మెచ్చుకోలు అనుకున్నాను.

"ఇప్పుడు చాంపియన్ గారు మన కోసం సైకిలెక్కి, దిగకుండా స్నానం చేసి చూపిస్తారు," అన్నాను. మల్లేశం బకెట్టు ఎత్తుకుని ముందుకొచ్చాడు.

అతిథి లేచి మెల్లగా సైకిల్ దగ్గరికి వచ్చారు. టైరుని బొటనవేలితో నొక్కి చూశారు. ప్లాస్టిక్ పూలని పక్కకి జరిపి హ్యాండిల్ మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది. అప్పుడు మూర్తి గారు నా పక్కకొచ్చి నెమ్మదిగా అన్నారు.

"రెండో పేజీలో ఉందయ్యా. చివరి రేసులో కొండ మీంచి పడి తుంటి విరిగింది. ఆరేళ్లయింది. ఇంకోసారి పడితే నడవలేరు. మళ్లీ సైకిల్ ఎక్కలేదు."

ప్రభువా, భూమి బద్దలై నన్ను మింగితే బాగుండునని అప్పుడు నిజంగా అనిపించింది. ఆ మనిషికి ఏది పోయిందో దాన్నే పూలు చుట్టి, జనాన్ని పోగేసి, ఎదురుగా నిలబెట్టాను. పైగా చప్పట్లు కొట్టించాను.

ఆయన మాత్రం బకెట్టు ఎందుకని అడిగారు. చెప్పక తప్పలేదు. మా ఊరి ఏడు రోజుల మనిషి సంగతంతా నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. అతను ఎప్పుడు నిద్రపోయేవాడని అడిగారు. నిద్రపోయేవాడు కాదు సార్ అన్నాను.

"మరి చాంపియన్ అతనేగా. నేను రోజూ రేసయ్యాక హోటల్లో శుభ్రంగా పడుకునేవాణ్ణి," అన్నారు. కఫీల్ గారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. అంతటితో వదిలేస్తే బతికిపోదును. కఫీల్ గారే నావైపు వేలు చూపించి, అయితే నువ్వే తొక్కి చూపించు, యల్లా, అంటే ఊఁ కానియ్యి, అన్నారు.

ఇక్కడ మీకొక విషయం చెప్పాలి. నాకు సైకిల్ తొక్కడం రాదు. గ్రౌండు చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టడం తప్ప నేనేమీ నేర్చుకోలేదు. ఆ మాట మూడొందల మంది ఎదుట మైకులో చెప్పాను, ఎందుకంటే మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. అప్పుడు ఆ చాంపియన్ గారు కోటు విప్పి మల్లేశానికి ఇచ్చి, నన్ను సైకిలెక్కించి, వెనక సీటు పట్టుకున్నారు. నేను టై కట్టుకుని వంకరటింకరగా తొక్కుతుంటే, విరిగిన తుంటితో ఆయన కుంటుకుంటూ నా వెనకే గుండ్రమంతా ఒక చుట్టు తిరిగారు. జనం అరుస్తున్నారు. నాకు వినపడుతున్నది మాత్రం వెనక ఆయన ఎగశ్వాసే.

వెళ్లేటప్పుడు కారెక్కడానికి ఆయన చాలా ఇబ్బంది పడ్డారు, తుంటి మీద చెయ్యి వేసుకుని వంగారు. పరుగెత్తుకెళ్లి క్షమించమన్నాను. ఈసారి మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని తొక్కు అని చెప్పి తలుపు వేసుకున్నారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

శనివారం ఆఫీసులో మూర్తి గారు పిలిచారు. ఉద్యోగం ఊడిందనుకుని వెళ్లాను. ఆయన నా వీసా ఫైలు ముందుకు తోశారు. దాని మీద కఫీల్ గారి సంతకం ఉంది.

"నీ పని చూసి పెట్టారనుకోకు," అన్నారు మూర్తి గారు. "ఆయన ఏమన్నారో తెలుసా? ఈ మనిషిని ఒంటరిగా వదిలెయ్యడం కంపెనీకి ప్రమాదం, పెళ్లాన్ని వెంటనే పిలిపించండి అన్నారు."

శాంతకి రాసిన ఉత్తరంలో నా పనితనం మెచ్చి సంతకం పెట్టారని రాశాను. ఆవిడ వచ్చిన వారానికే మల్లేశం ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కాబట్టి పెద్దలారా, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఏ మహానుభావుడి జీవితమైనా సరే, ఆయన నోట పూర్తిగా విన్నాకే నేను నోరు విప్పుతాను, సబ్బుబిళ్ల అసలే తీసుకురాను. ఈ ప్రమాణం తప్పకుండా చూసే పూచీ శాంతది. కఫీల్ గారి మాట ప్రకారం ఆవిడ నన్ను ఇప్పటిదాకా ఎక్కడికీ ఒంటరిగా పంపలేదు.